తుమ్మల దిబ్బ మీద పాముపిట్టలు

మొన్న ఒక అమ్మాయి మా వాకిట్లో స్కూటీ ఆపింది. మెడలో దుర్భిణి, చేతిలో నోటు పుస్తకం. ఈ కార్ఖానాల ఊరి అంచున, గోవింద్‌పూర్ అవతలి చెరువు దగ్గర ఎవరినో అడిగితే, దాని నడుమనున్న దిబ్బ సంగతి తెలిసిన తెలుగు ముసల్ది గోల్‌మురిలో కూతురింట్లో ఉందని చెప్పారట. వెతుక్కుంటూ వచ్చింది. ఫోనులో ఒక బొమ్మ చూపించి, "ఈ పిట్టని గుర్తుపడతారా అమ్మా?" అంది హిందీలో. నాకు నవ్వొచ్చింది. గుర్తుపట్టడమేమిటి, దాని గూట్లో పిల్లలు ఎన్ని ఉన్నాయో రోజూ చూసుకున్నదాన్ని. ఈ పిట్టలు చాలా చోట్ల తగ్గిపోతున్నాయట. చెట్లు పోయి, నీళ్ళు పాడై, గూళ్ళు కట్టుకునే చోటు లేకుండా పోతోందట. "మరి ఈ చెరువులో ఇన్నేళ్ళు ఎలా నిలిచాయో ఎవరూ రాసిపెట్టలేదు" అంది. ఎవరు రాస్తారు? అక్కడున్నది నేను. నాకు రాయడం రాదు. సంతకం చేస్తాను, బస్సు బోర్డు కూడబలుక్కుని చదువుతాను, అంతే. అందుకని మనవరాలు పింకీని కూర్చోబెట్టి చెప్తున్నాను, అది రాస్తోంది. తెలుగు బడిలో అయిదో తరగతి దాకా చదివింది కాబట్టి అక్షరాలు వచ్చు. "నానీ, ధీరే బోలో, హాథ్ దుఖ్తా హై" అంటోంది. నీకు ఒక్క పూటకే చెయ్యి నొప్పి పుట్టిందా, నాకు ఆ చెరువు కాపలా నాటి నుంచీ గొంతు నొప్పే, రాయవే అన్నాను.

దాని పేరు పాముపిట్ట. ఆ పేరు మేం పెట్టుకున్నదే. బెంగాలీవాళ్ళు గొయార్ అనేవారు. నీళ్ళలో ఈదేటప్పుడు ఒళ్ళంతా ములిగిపోయి మెడ ఒక్కటే పైకి ఉంటుంది. సన్నటి మెడ, కొసన సూదిలాంటి ముక్కు, అచ్చం నీళ్ళలో పాము తలెత్తినట్టే. కాపరానికి వచ్చిన కొత్తలో దాన్ని చూసి "ఓలమ్మో, పాము!" అని గట్టు మీద బిందె వదిలేసి పరిగెత్తాను. బిందె దొర్లుకుంటూ చెరువులో పడింది. మా ఆయన అప్పన్న ఈదుకెళ్ళి బిందె తెచ్చి, "పాముకి రెక్కలుంతాయేటే?" అని పది రోజులు ఏడిపించాడు. మాది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు. అలల మీద తిరిగే పిట్టల్ని చూశాను గానీ, ఇలా లోపలికి ములిగి, చేపని ముక్కుతో పొడిచి పైకి తెచ్చి, గాల్లోకి ఎగరేసి, తల వైపు నుంచి గుటుక్కున మింగేదాన్ని ఎక్కడా చూడలేదు. బాతుకి ఒళ్ళు తడవదు. దీనికి తడుస్తుంది. అందుకే ములగడం దీనికి సులువు, ఆరడమే కష్టం. తుమ్మకొమ్మ మీద కూర్చుని రెండు రెక్కలూ బార్లా చాపి, ఉతికిన చీర ఆరేసినట్టు ఎండలో అలా ఉండిపోయేది.

ఆ చెరువు కావాలని తవ్వింది కాదు. ఎప్పుడో ఇటుకల కోసం మట్టి తీసుకుపోయిన గొయ్యి, వానలకు నిండి చెరువైంది. నడుమ తవ్వకుండా వదిలేసిన దిబ్బ మీద ఆరు తుమ్మచెట్లు పెరిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. చేపల గుత్త రాంబిలాస్ అనే ఠేకేదారుది. మా ఆయన అతని దగ్గర చెరువు కాపలాదారు. గట్టు మీద మట్టిగోడల గుడిసె, రేకుల కప్పు. అందులో నేను, ఆయన, మా అత్త పైడమ్మ, మూడేళ్ళ కూతురు రవణ. రవణంటే ఈ పింకీ తల్లి. పొద్దున కార్ఖానా భోంపు కూసేసరికి నేను బొగ్గుల పొయ్యి బయటపెట్టి రాజేసేదాన్ని. గట్టు పక్క రోడ్డు మీద సైకిళ్ళు బారులు తీరి పోయేవి. సైకిలు మీది తెలుగువాళ్ళు మా ఆయన్ని చూసి "ఏటి అప్పన్నా, సేపలు నిద్ర లేచాయా?" అని కేకేసేవారు. "నేచాయి, నీకోసమే ఎదురుసూత్తన్నాయి" అనేవాడు ఆయన. బొగ్గుపొగ, తడి వలల వాసన, బురద వాసన, అన్నిటి మీదా మా అత్త చుట్ట వాసన. ఆమె చుట్టని మా దేశపు ఆడవాళ్ళందరిలాగే నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చేది. అలా పెట్టుకునే మాట్లాడేది, పోట్లాడేది, రవణకి తల దువ్వేది. కోపం వస్తే మాట రాదు, ముక్కులోంచి పొగ వచ్చేది. పొగ ఎంత వచ్చిందో చూసి ఆ పూట నేను ఎంత దూరంలో ఉండాలో తెలుసుకునేదాన్ని.

పిట్టల్ని తోలడం కాపలాలో సగం పని. మా ఆయన గోల్‌మురి నుంచి రేకుల కార్ఖానా తుక్కుముక్కలు తెచ్చి, తాడుకి గుచ్చి, గట్టు నుంచి చెరువు మీదుగా దిబ్బ దాకా కట్టాడు. గుడిసె గుమ్మంలో కూర్చుని తాడు లాగితే చెరువంతా గలగలమనేది, తళతళమనేది. కొంగలు లేచిపోయేవి. పాముపిట్ట మాత్రం ములిగిపోయి, ఎక్కడో అవతల గట్టు దగ్గర మెడ పైకెత్తి మన వైపే చూసేది.

ఇప్పుడు అసలు సంగతి. ఏటా ఎండాకాలం నీళ్ళు తగ్గాక చెరువులో ఇప్పపిండి చల్లేవారు. ఇప్పగింజల నూనె తీయగా మిగిలిన తెలగపిండి అది. దాని ఘాటుకి చెరువులో ఉన్న చేపలన్నీ తేలిపోతాయి. ముఖ్యంగా కొరమేనులు. కొరమేను తోటి చేపపిల్లల్ని తినేస్తుంది, అది ఉంటే బొచ్చె పిల్లలు, రోహు పిల్లలు బతకవు. ఇరవై రోజులకి ఆ పిండి విషం పోయి ఎరువైపోతుంది. తర్వాత వానలు పడగానే కొత్తగా చేపపిల్లల్ని వదులుతారు. ఆ ఏడు పిండి చల్లిన రోజు, తేలుతున్న కొరమేనుల్లో మంచివి ఏరి మా ఆయన ఒక పెద్ద గోలెంలో బావినీళ్ళు పోసి వేశాడు. మంచినీళ్ళు తగిలితే అవి మళ్ళీ తెప్పరిల్లుతాయి. కొరమేను గోలెంలో నెలైనా బతుకుతుంది. మూత మీద రాయి పెట్టాలి, లేకపోతే ఎగిరి దూకేస్తుంది. "అమ్మా, రోజుకొకటి వండు, నువ్వు సిక్కిపోయావు" అన్నాడు తల్లితో. మూడో రోజు మధ్యాహ్నం ఎండలో వల బాగుచేస్తూ పడిపోయాడు. వడదెబ్బ. సాయంత్రానికి లేడు. ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు మనిషికి.

మైల రోజుల్లో ఇంట్లో నీచు వండం. గోలెం అలాగే ఉండిపోయింది. అత్త రోజూ నీళ్ళు మార్చేది. పొద్దున లేచి మొహం కడగకుండా ముందు గోలెం దగ్గరికి వెళ్ళేది. పెద్దకర్మ అయ్యాక నేను, "అత్తా, ఇంక వొండీనా?" అని అడిగాను. ఆమె నా మొహం కూడా చూడలేదు. "నా కొడుకు సేతుల్తో పట్టినవే అవి. వాటి మీద కత్తి ఎట్టమంతావా?" అంది. మరో వారానికి మొదటి వాన పడింది. నేను పొయ్యి ఆరిపోకుండా గోనె కప్పుతున్నాను. అత్త గోలెంలోవాటిని బిందెలో వేసుకుని వానలో గట్టు దిగి, కొరమేనుల్ని ఒక్కొక్కటిగా చెరువులో వదిలేసింది. ఎనిమిది. ఒకదానికి తోక దగ్గర తెల్లమచ్చ ఉంది, దాన్ని ఆఖర్న వదిలింది. అలా చేయకూడదని నాకు తెలుసు, చేపల వాళ్ళింట పుట్టినదాన్ని. ఆమెకి ఇంకా బాగా తెలుసు. అయినా ఆమె అడగలేదు, నేను ఆపలేదు.

చేపపిల్లల్ని వదిలే వేళకి కాపలాకి ఎవరో ఒకరు కావాలి. మేం గుడిసె ఖాళీ చేయాలని రాంబిలాస్ మనిషిని పంపాడు. నేను రవణని చంకనేసుకుని అతని ఇంటికే వెళ్ళాను. మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. అతను మాట్లాడింది హిందీ, నేను తెలుగు చేసి చెప్తున్నాను.

"ఆడదానివి, నువ్వేం కాపలా కాస్తావు?"

"దొంగొస్తే అరవాలి, పిట్టొస్తే అరవాలి. అరవడానికి మీసాలు కావాలా ఠేకేదార్‌జీ?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అతనూ నవ్వి, "ఈ మద్రాసిన్ నోరు చూశారా" అన్నాడు.

"మాది శ్రీకాకుళం. మద్రాసు ఎట్టుంతాదో నాకు తెల్దు" అన్నాను. సగం హిందీ, సగం తెలుగు. వాళ్ళకి అర్థమైంది.

అలా పని దొరికింది. పొద్దు పొడిచింది మొదలు చీకటి పడేదాకా అరుపే. "హోయ్ హోయ్, పో, పోవే ముదనష్టపు దానా." నా గొంతు ఇలా గీరుకుపోవడం అప్పుడు మొదలైంది. పింకీ వాళ్ళ స్నేహితులు ఫోనులో నా గొంతు విని తాతయ్యా అంటారు, అననీ. మొదట్లో ఆ పిట్టలంటే నాకు పగ. చేపపిల్లలు నా పని, నా గుడిసె, నా పిల్ల నోటి ముద్ద. ఇవి వాటిని మింగడానికి వచ్చాయి. మా ఆయన పోయిన కోపమంతా ఆ పిట్టల మీద తీర్చుకున్నాను. రాళ్ళు విసిరాను కూడా.

కానీ పొద్దస్తమానం ఒకే దాన్ని చూస్తూ కూర్చుంటే అది మనకి తెలియకుండా ఎలా ఉంటుంది? ఆషాఢంలో దిబ్బ మీద గూళ్ళు కట్టాయి. మగది పుల్లలు మోసుకొస్తే ఆడది ఇటు తిప్పి అటు తిప్పి పెట్టుకునేది. నచ్చకపోతే నీళ్ళలో పడేసేది. మగది ఇంకోటి తేవాలి. తొమ్మిది గూళ్ళు. గుడ్లు పొదిగాయి. పిల్లలు పుట్టినప్పుడు ఒంటి మీద ఏమీ లేదు, పచ్చిమాంసం ముద్దల్లా ఉన్నాయి. తర్వాత దూది అంటించినట్టు తెల్లటి నూగు వచ్చింది. తల్లి వచ్చి వాలితే పిల్ల తన తల మొత్తం తల్లి గొంతులోకి దూర్చేసి తినేది. మొదటిసారి చూసి, తల్లే పిల్లని మింగేస్తోందనుకుని గుండె జారిపోయింది. రవణ చప్పట్లు కొట్టి, "అమ్మా, పిట్ట అమ్మ నోట్లోకి ఎల్లిపోతంది" అంది. ఆ రోజు నుంచి దిబ్బ వైపు తాడు లాగడం మానేశాను. ఇవతల నీళ్ళలో మాత్రం తోలేదాన్ని. అత్త గమనించింది. "తాడు తెగిపోనాదేటే?" అంది. "తెగిపోనాది" అన్నాను. ముక్కులోంచి పొగ రాలేదు.

ఆ రోజుల్లోనే నీటి అంచున, నాచు దగ్గర, ఎర్రటి మచ్చలు కదలడం చూశాను. పసుపూ కుంకుమా కలిపి నీళ్ళలో చల్లినట్టు. దగ్గరికెళ్తే కింద నుంచి పెద్ద తల పైకి వచ్చి బుస్సుమని నీళ్ళు చిమ్మింది. కొరమేను, తన పిల్లల్ని కాస్తోంది. అలాంటి మచ్చలు నాలుగు చోట్ల కనిపించాయి. ఎవరికీ చెప్పలేదు. చెప్తే గుడిసె పోతుంది, అత్తకి తలొంపు. కళ్ళు పక్కకి తిప్పుకుని పోయాను. ఆ తప్పు నాదే, ఇంకొకరిది కాదు.

శ్రావణంలో రాంబిలాస్ వల వేయించి చూశాడు. ఏటా ఆ వేళకి వల ఎత్తితే బుట్ట నిండా చేపపిల్లలు ఎగిరేవి. ఈసారి అడుగున పిడికెడు. అతని మొహం నల్లబడింది. తలెత్తి దిబ్బ చూశాడు. పిట్టలు రెక్కలు చాపుకుని వరసగా కూర్చుని ఉన్నాయి, సాక్ష్యం చెప్పడానికి వచ్చినట్టు. "అవిగో నా చేపలు. రేపే చెట్లన్నీ కొట్టించేస్తాను" అన్నాడు. అతని బావమరిది, "గూట్లో పిల్లలు లేతగా ఉంటాయి బావా, పనివాళ్ళకి విందు" అని పళ్ళికిలించాడు.

మర్నాడు పొద్దున్నే వచ్చారు. రాంబిలాస్, గొడ్డలిమనిషి, తుపాకీ భుజాన వేసుకుని ఆ బావమరిది. అరటిబోదెల తెప్ప ఒకటి కట్టించారు దిబ్బకి పోవడానికి. తెప్ప నీళ్ళలోకి దించకముందే బావమరిది తుపాకీ పేల్చాడు. రెక్కలారబెట్టుకుంటున్న పిట్ట ఒకటి మెలికలు తిరుగుతూ ఇవతలి నీళ్ళలో పడింది. దిబ్బ మీద పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. గూళ్ళలో పిల్లలు మాత్రం తలలు వంచుకుని అణిగిపోయాయి. వాటికి ఎగరడం రాదు.

నేను నడుముల్లోతు నీళ్ళలోకి దిగి ఆ పిట్టని తెచ్చాను. ఇంకా వేడిగా ఉంది. గోనె పరిచి, ఇంట్లోంచి కత్తిపీట తెచ్చి కూర్చున్నాను. "ఏం చేస్తున్నావు?" అన్నాడు రాంబిలాస్. "నీ సేపలు నీకు తీసిత్తాను, రా" అన్నాను. చేపలు కోసి పెరిగిన చేతులివి. ఒక్క గీతకి పొట్ట విప్పి, లోపలున్నవి గోనె మీద పరిచాను. వేలెడేసి నల్లటి చేపలు తొమ్మిది. చెత్త చేపలు, పరిగెలు ఓ గుప్పెడు. బొచ్చె పిల్లలు రెండు. రెండు ఉన్నాయి, అబద్ధమెందుకు. ఆ రెంటినీ పక్కన వేరే పెట్టాను, దాచలేదు.

"సూడు బాబూ. ఇవి రెండు నీవి. ఈ నల్లవి ఏటో సెప్పు."

అతను వంగి చూశాడు. చేపల మనిషే కదా, గుర్తుపట్టాడు. "గరయి" అన్నాడు. కొరమేనుని వాళ్ళు అలాగే అంటారు. "నా చెరువులో గరయి ఎక్కడిది? పిండి చల్లించాను కదా."

అందరూ నన్నే చూస్తున్నారు. నోరు మూసుకుంటే సరిపోయేది. పిండి కల్తీది అనొచ్చు, వానకి కాలువ నుంచి ఎక్కొచ్చాయి అనొచ్చు. చెట్లు కొట్టేస్తారు, పిల్లల్ని వండుకుంటారు, నా గుడిసె నాకుంటుంది. అప్పుడు గూట్లోంచి ఒక పిల్ల అరిచింది. ఏడుపులా కూడా ఉండదు ఆ అరుపు, ఎండుపుల్ల విరిగినట్టు టకటకమంటుంది. దాని అమ్మో నాన్నో నా చేతుల్లో పొట్ట చీరి ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. రాంబిలాస్ మీద కాదు, నా మీద నాకే.

"నానే వదిలాను" అన్నాను. "ఎనిమిది కొరమేనులు. వాటి పిల్లలు నీ సేపల్ని తింతన్నాయి. ఈ పిట్టలు ఆ కొరమేను పిల్లల్ని తింతన్నాయి. నీ పని సేత్తన్న దాన్ని నువ్వు సంపించావు."

"అబద్దం" అని వెనక నుంచి వినిపించింది. అత్త గుమ్మంలో నిలబడి ఉంది. చుట్ట నోట్లోంచి తీసింది. మగవాళ్ళ ముందు చుట్ట తీసి మాట్లాడటం నేను అదే మొదటిసారి చూడటం. "అది అబద్దం సెప్తంది బాబూ. నాను వదిలినాను. నా కొడుకు పట్టిన ఆకరి సేపలు. సంపడానికి నాకు సేతులు రానేదు. కొట్టాలంతే నన్ను కొట్టు. ఆ సెట్లేటి సేసాయి?"

ఆమెకి హిందీ వింటే తెలుస్తుంది గానీ మాట్లాడటం రాదు. నేను తెలుగులోంచి మార్చి చెప్పాను, ఒక్క మాట తగ్గించకుండా. రాంబిలాస్ గోనె మీది చేపల్ని కాలివేలితో కదిపి చూశాడు. తర్వాత అన్నాడు, "రెండు నెలల చేపలు పోయాయి. దానికి జవాబేంటి?"

"సెట్టు ముట్టుకోకు" అన్నాను. "కొరమేనులు మేం పడతాం. పెద్దవి, పిల్లలు, ఒక్కటి మిగల్చం. నువ్వు మళ్ళా సేపపిల్లల్ని వదులుకో. మేం పట్టలేకపోతే సెట్లూ కొట్టించు, మమ్మల్నీ ఎల్లగొట్టు."

"విశ్వకర్మ పూజ దాకా చెట్లు ముట్టను" అన్నాడు. "ఆ రోజు వల వేయిస్తాను. ఒక్క గరయి కనిపించినా మీకు గుడిసె లేదు. గూళ్ళు ఖాళీ అయినా కాకపోయినా ఆ రోజు చెట్లు నావి."

"సరే" అన్నాను వెంటనే. నాకేమీ ఆలోచన లేదనుకున్నాడు.

నెల రోజులు మేం మనుషులమేనా? తెల్లారకముందు కప్పల్ని పట్టడం, గాలాలకి గుచ్చడం, గట్టు చుట్టూ కర్రలు పాతి గాలాలు కట్టడం, పొద్దెక్కాక విప్పుకుంటూ రావడం. ఎర్రమచ్చలు కనిపించిన చోట చీరకొంగు పట్టి పిల్లల్ని మొత్తం ఎత్తేసేవాళ్ళం. రవణ డబ్బా పట్టుకుని గట్టు మీద కూర్చునేది. నాకు అరికాళ్ళు పాచిపోయి వేళ్ళ సందుల్లో పుళ్ళు పడ్డాయి. బొగ్గుల దుకాణం బెంగాలీ ఆమె, "చెట్ల కోసమా ఇదంతా? నీకు పిచ్చి పట్టింది సూరమ్మా" అంది. "పట్టింది. నీకేటి నొప్పి?" అన్నాను. అవతలి గట్టున పాముపిట్టలు కూడా అదే పని చేస్తున్నాయి. అవి ములిగిన చోట చూసి నేను గాలం వేసేదాన్ని. ఎవరు ఎవరికి నేర్పారో చెప్పలేను.

ఒక పొద్దున అత్త గాలానికి తోక దగ్గర తెల్లమచ్చ ఉన్న కొరమేను పడింది. మోచెయ్యంత అయింది. నేను చూసి, "అత్తా, అది నాకియ్యి, నువ్వు లోపలికెల్లు" అన్నాను. ఇవ్వలేదు. గట్టు మీద రాయికేసి తనే కొట్టింది, ఒక్క దెబ్బ. దాన్ని బుట్టలో వేసి, మిగతా గాలాలు విప్పడానికి వెళ్ళిపోయింది. ఆ రోజు ఆమె చుట్ట ముట్టుకోలేదు.

భాద్రపదం వచ్చేసరికి పిల్లలు ఒక్కొక్కటిగా ఎగరడం నేర్చుకున్నాయి. ఎనిమిది గూళ్ళు ఖాళీ అయ్యాయి. ఒక గూట్లో రెండు పిల్లలు ఆలస్యంగా పుట్టాయి, వాటికి ఇంకా రెక్కలు నిండలేదు. విశ్వకర్మ పూజ రానే వచ్చింది. రాంబిలాస్ కొత్త బట్టలు కట్టుకుని, నుదుట బొట్టుతో వచ్చాడు. వెనక గొడ్డలిమనిషి. వల వేయించారు. కొరమేను ఒక్కటీ రాలేదు. చెత్త చేప కూడా తక్కువే. "బాగా పట్టావు" అన్నాడు. "అయినా చెట్లు నావని ముందే అన్నాను. కొట్టు" అన్నాడు గొడ్డలిమనిషితో.

గొడ్డలిమనిషి కదల్లేదు. "మాలిక్, ఈ రోజు పనిముట్టు పట్టం కదా. పొద్దున్నే దీనికి బొట్టు పెట్టి, పువ్వు పెట్టి వచ్చాను. కార్ఖానాల్లోనే యంత్రాలు ఆపేశారు. నేను దీన్ని చెట్టుకి తాకిస్తే ఏడాదంతా నా చెయ్యి పనిచేస్తుందా?"

రాంబిలాస్ నా వైపు తిరిగాడు. నెల కిందట నేను వెంటనే ఎందుకు ఒప్పుకున్నానో అప్పుడు అర్థమైంది అతనికి. ఆ ఊళ్ళో పుట్టినవాడు, తనే మర్చిపోయాడు. తిట్టాడు. ఆ తిట్లు పింకీతో రాయించను. నేను చేతులు కట్టుకుని నిలబడి మొత్తం విన్నాను.

మర్నాడు తెప్ప మీద వచ్చారు. తెప్ప దిబ్బకి తగిలీ తగలకముందే గూట్లో ఆ రెండు పిల్లలూ లేచి నిలబడి, దభీదభీమని నీళ్ళలోకి దూకి ములిగిపోయాయి. గొడ్డలి ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. నేను గట్టు మీంచి నీళ్ళు వెతుకుతున్నాను. ఎంతోసేపటికి, అవతల నాచులోంచి ఒక మెడ లేచింది. దాని పక్కన ఇంకోటి. అత్త నా భుజం గట్టిగా పట్టుకుంది, గోళ్ళు దిగేలా. రాంబిలాస్ ఆరు చెట్లలో రెండు కొట్టించాడు, తన మాట నెగ్గినట్టు ఉండాలి కదా. నాలుగు వదిలేశాడు. మరుసటి ఏడు ఆ నాలుగింటి మీద గూళ్ళు కట్టాయి.

మమ్మల్ని మాత్రం ఉంచలేదు. మాఘంలో పెద్ద చేపలు పట్టేశాక, కొత్త కాపలాదారు వచ్చాడు. గోల్‌మురి వచ్చి నేను ఇళ్ళు కట్టేచోట రేజా పనికి పోయాను, ఇటుకలు మోశాను, ఇళ్ళలో గిన్నెలు తోమాను. అత్త ఇంకా ఆరేళ్ళు బతికింది. అంత కష్టం ఎందుకు తెచ్చుకున్నావని అడిగినవాళ్ళున్నారు, నా కూతురు రవణతో సహా. అడగనీ. ఆ రోజు నోరు మూసుకుని ఉంటే గుడిసె మిగిలేది, నిజమే. ఆ గుడిసెలో ప్రతి పూటా ఆ కొట్టేసిన మొదళ్ళని చూస్తూ అన్నం తినాలి. నా వల్ల కాదు. అప్పుడూ కాదు, ఇప్పుడూ కాదు.

ఆ దుర్భిణి అమ్మాయి వచ్చి వెళ్ళాక నాకు ఒక్కసారి చూడాలనిపించి, పింకీని తీసుకుని ఆటోలో వెళ్ళాను. మా గుడిసె ఉన్న చోట గోడలు, గోడల వెనక మేడలు. చెరువు సగమైంది. ఒక పక్క నుంచి మురిక్కాలువ నురగతో వచ్చి కలుస్తోంది. దిబ్బ ఉంది. తుమ్మలు ముసలివి పోయి, వాటి గింజలకి మొలిచినవి ఉన్నాయి, మూడు. గూళ్ళు నాలుగు. పక్షుల్ని కాపాడండి అని ఒక బోర్డు ఉంది, పింకీ చదివింది. మా కాలంలో బోర్డు లేదు, కాపాడడం అనే మాటే మాకు తెలియదు. కానీ గొడ్డలి తెచ్చినవాడికి ఒక పేరుంది, ఒక మొహముంది, తిట్టినా బతిమాలినా జవాబు చెప్పేవాడు. ఇప్పుడు ఒక లారీ వచ్చింది, పాత గోడల రాళ్ళూ మట్టీ నిండా వేసుకుని, చెరువు అంచున పోయడానికి వెనక్కి తిప్పుతోంది. ఎవరి లారీ అని అడిగితే డ్రైవరుకే తెలియదు. ఎవరు పొయ్యమన్నారంటే ఫోన్ వచ్చిందంటాడు.

నేను వెళ్ళి లారీ వెనక చక్రాల దారిలో కింద కూర్చున్నాను. "మాతాజీ, హటో" అన్నాడు. "నా మోకాళ్ళు సరిగ్గా నేవు, లేవడానికి చాలా టైం పడతాది" అన్నాను. పింకీ సిగ్గుపడి, "నానీ, చలో నా, లోగ్ దేఖ్ రహే హైఁ" అని చెయ్యి లాగింది. చూడనీ అన్నాను. డ్రైవరు దిగి బతిమాలాడు, హారను కొట్టాడు, ఫోన్ చేశాడు, మళ్ళీ దిగాడు. కాసేపటికి పింకీ కూడా చున్నీ సర్దుకుని నా పక్కన కూర్చుంది. ఎండ నెత్తికెక్కాక లారీ మట్టి పొయ్యకుండానే వెళ్ళిపోయింది. వెళ్తూ కిటికీలోంచి, రేపు మళ్ళీ రావాలి నేను, మీరు అప్పుడేం చేస్తారు అన్నాడు.

రా అన్నాను. ఆటో అతనికి చెప్పి వచ్చాను, పొద్దున ఆరింటికి వాకిట్లో ఉండమని.